రెండుసార్లు అందిన వ్యాసం

"కాస్త ఈ ఫైళ్ళు కూడా చూసిపెట్టు. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని భర్త ఏడు ఫైళ్ళు భోజనాల బల్ల మీద పడేసి స్నానానికి వెళ్ళాడు. విదేశీ యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టించే ఆఫీసు ఆయనది. బోర్డూ ఆయనదే, కుర్చీ ఆయనదే. దరఖాస్తులతో పాటు పిల్లలు పంపే వ్యాసాలు దిద్దే చాకిరీ మాత్రం ఆవిడది. ఫైలు తెరిస్తే చాలు, ఏది తిరిగొస్తుందో ఆవిడకి తెలిసిపోతుంది. పాస్‌పోర్టులో ఒక పేరు, డిగ్రీలో ఇంకో పేరు. కాలం చెల్లిన ఇంగ్లీషు పరీక్ష మార్కులు. ముగ్గురు ప్రొఫెసర్ల సిఫార్సు ఉత్తరాల్లో ఒకే వాక్యాలు. గడువు దాటాక పంపి ఇంటర్నెట్ మీద నెపం పెట్టే మహానుభావులు సరేసరి.

ఇవేవీ దొర్లకుండా పదిసార్లు చూసుకుని ఆవిడ కిందటి నెల తన దరఖాస్తు కూడా పంపింది. వృద్ధుల సంరక్షణలో మాస్టర్స్. అత్తగారిని ఆ రెండేళ్ళూ తను చూసుకుంటానని ఆడపడుచు మాటిచ్చాకే ధైర్యం చేసింది. "ఈ వయసులో నీకు చదువేంటి? సరే, సరదా తీర్చుకో" అని ఆయన నవ్వాడు. ఆవిడకి అది సరదా కాదు. తనకంటూ ఒక బతుకు మొదలవుతుందా లేదా అన్నది ఆ జవాబు మీదే ఉంది.

కూర తిప్పుతుండగా ఫోన్లో జవాబు వచ్చింది. 'మీ వ్యాసం మరో విద్యార్థిని పంపిన వ్యాసంతో దాదాపు పూర్తిగా కలుస్తోంది. రేపు ఈపాటికల్లా సంజాయిషీ ఇవ్వకపోతే తిరస్కరిస్తాం.' ముందు తననే అనుమానించుకుంది. దిద్దీ దిద్దీ ఎవరి వాక్యమైనా తన దాంట్లో కలిసిపోయిందా? లాప్‌టాప్ తెరిచి ఒక్కో లైనూ వెతికింది. అన్నీ తనవే. ఆరేళ్ళుగా మంచం మీదున్న అత్తగారిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, వీపు మీద పుండ్లు పడకుండా కాచుకోవడం, పెద్దావిడ సిగ్గుపడకుండా ఒళ్ళు తుడవడం. ఇవి ఇంకొకరికెలా తెలుస్తాయి? ఈలోగా కూర మాడింది.

"ఓ, అదా!" అన్నాడాయన, ఆవిడ ఫోన్ చూపిస్తే, తల దువ్వుకుంటూ. "డాక్టరుగారమ్మాయికి అర్జంటైతే నీదిచ్చాను. ఇంట్లోదేగా అనుకున్నా. ఇప్పుడు కదిపావంటే ఆ పిల్ల సీటు పోతుంది, మన ఆఫీసు మూసుకోవాలి. వచ్చే ఏడాది వేసుకుందువుగాని, ఊరుకో."

ఊరుకుందామనే అనుకుంది. ఊరుకోవడం ఆవిడకి కొత్తేమీ కాదు. అన్యాయంగా ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాగేసినట్టవుతుందేమోనని భయం. అయినా ఉండబట్టలేక ఆ పిల్లకే ఫోన్ చేసింది.

"ఆంటీ, అది చదివి ఏడ్చేశాను తెలుసా! వాళ్ళమ్మగారికి చేసిన సేవంతా సారే రాసుకున్నారటగా. 'అమ్మ' అని ఉన్నచోటల్లా నన్ను 'నాయనమ్మ' అని మార్చుకోమన్నారు. ఈ కాలంలో అలాంటి కొడుకులెక్కడున్నారాంటీ!"

వ్యాసం పోతే పోయింది, ఇంకోటి రాసుకోగలదు. ఆ ఆరేళ్ళు కూడా ఆయన పేరు మీదికి వెళ్ళిపోయాయా? ఫోన్ పెట్టేసి, లాప్‌టాప్ ముందు కూర్చుని యూనివర్సిటీకి సంజాయిషీ రాయడం మొదలుపెట్టింది. 'ఆ వ్యాసం నాది. నా భర్త నన్ను అడగకుండా దాన్ని మరో అమ్మాయికి ఇచ్చాడు. అది నాదని ఆ అమ్మాయికి తెలియదు.' అక్కడ ఆగింది.

లోపల గదిలోంచి అత్తగారు మూలిగింది.

"ఏమండీ, అత్తయ్యని పక్కకి తిప్పాలి. ఒక్కసారి చూడండి" అంది, తల ఎత్తకుండానే.

ఆయన విసుక్కుంటూ వెళ్ళాడు.

"అబ్బ, జాగ్రత్తరా!" అంది అత్తగారు.

"ఇదిగో, నిన్నే! అమ్మని ఎక్కడ పట్టుకోవాలి? ముందు భుజమా, నడుమా?"

ఆవిడ ఉత్తరం పంపేసింది. లేచి, ఆ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆ వ్యాసం మీరే రాసుకున్నారటగా, చదువుకోండి. మూడో పేరాలో ఉంది" అంది.