ఎర్ర దారం అయిపోయిన చోట

వెండి అట్టలు వస్తున్నాయని తెలిసిన రోజు నుంచి, పాత పుస్తకాలు బాగుచేసే సన్యాసిని ఎవ్ప్రాక్సియాకు గాలి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆగస్టు వచ్చిందంటే ఆ గ్రీకు దీవి మీద ఉత్తరపు గాలి పూనకం వచ్చినట్టు వీస్తుంది. పడవలు ఆగిపోతాయి, తలుపులు కొట్టుకుంటాయి, మఠంలో ఉన్న సన్యాసినులందరికీ తలనొప్పులు పట్టుకుంటాయి. అందరూ గాలి తగ్గాలని మొక్కుకుంటుంటే ఈవిడ ఒక్కతీ తగ్గకూడదని మొక్కుకుంది. గాలి ఉంటే పడవ రాదు. పడవ రాకపోతే వెండి అట్టలు రావు. అవి రాకపోతే తన బల్ల మీదున్న పాత సువార్త గ్రంథం బతికిపోతుంది.

ఆ గ్రంథానికి తొమ్మిది వందల ఏళ్లుంటాయి. తోలు పుటలు, చెక్క అట్టలు, వాటి మీద నల్లబడిన మేకతోలు. అప్పటి గ్రీకులు పుస్తకం కుట్టే తీరే వేరు. వెన్ను మీద తాళ్లు వేయరు. ఒక పుటల కట్టను పక్క కట్టతో ముడివేసుకుంటూ గొలుసులా కుట్టుకుపోతారు. చివర్లో పైనా కిందా పట్టుదారంతో అంచు అల్లి, చెక్కకు చిల్లులు పొడిచి దాన్ని అట్టలతో కలిపి కుట్టేస్తారు. ఆ అల్లిక అట్టలకన్నా పైకి, చిటికెన వేలు మందాన లేచి ఉంటుంది. అందుకే ఇలాంటి పుస్తకాన్ని నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. నిలబెడితే బరువంతా ఆ అల్లిక మీద పడి నలిగిపోతుంది.

ఈ గ్రంథం అంచు అల్లిక ఎరుపూ నీలమూ కలిసిన పట్టు. కింది అంచు కొసకు వచ్చేసరికి ఎర్ర దారం అయిపోయింది కాబోలు, మిగిలిన కాస్తా నల్ల ఉన్నితో ముగించేశారు. ఆ ఉన్ని సన్యాసిని అంగీలోంచి లాగిన పోగేనని ఎవ్ప్రాక్సియాకు గట్టి నమ్మకం. కుట్టినావిడ ఎవరో, ఏ పేరో, ఎవరికీ తెలియదు. దుమ్ము దులిపే ప్రతిసారీ ఆ చోట వేలు ఆపి, "ఇంకో బారెడు దారం తెచ్చుకోవాల్సింది కదమ్మా" అని నవ్వుకునేది. మఠంలో ఆవిడకు అంత దగ్గరి మనిషి ఇంకొకరు లేరు.

వెండి అట్టల ముచ్చట తెచ్చినవాడు వఫియాస్, ఓడల యజమాని. మఠానికి నీళ్ల తొట్టి కట్టించింది ఆయనే. ఇప్పుడు వాళ్లమ్మ పేరున ఈ గ్రంథానికి వెండి తొడగాలట. మరియమ్మ పండుగనాడు బిషప్‌గారు దాన్ని ముద్దు పెట్టుకోవాలట. మఠం పెద్ద సింక్లితికమ్మ, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, స్వయంగా పనిగదికి వచ్చి చెప్పింది.

"పాత అట్టలు తీసేసి వెండివి బిగించాలి. కంసాలికి కొలతలు పంపించేశారు. పని కష్టమేమో?"

"దీవెన ఉంటే కష్టమేముంది, పెద్దమ్మా?" అంది ఎవ్ప్రాక్సియా.

ఆ మఠంలో 'సరే' అనే మాట లేదు. పెద్దమ్మ ఏం చెప్పినా 'దీవెన' అనాలి, తల వంచాలి, వెళ్లి చేయాలి. ఒకసారి ఆ మాట అన్నాక మళ్లీ ఆ సంగతి ఎత్తితే సొంత పెత్తనం కింద లెక్క. పెద్దమ్మ జపమాల తిప్పుకుంటూ గుమ్మంలో చాలాసేపు నిలబడింది. పరీక్షిస్తోంది అనుకుని ఎవ్ప్రాక్సియా తల ఎత్తలేదు. తరవాతి రోజుల్లోనూ రెండు మూడుసార్లు అలాగే వచ్చి నిలబడి వెళ్లింది.

తల ఎత్తకూడదని ఆవిడ కష్టపడే నేర్చుకుంది. ఏథెన్సులో పాత పుస్తకాల మరమ్మతు చదువుకుని ఇక్కడికి వచ్చిన కొత్తలో, గ్రంథాలను అరల్లో నిలబెట్టమని పెద్దమ్మ చెబితే "నిలబెడితే పాడవుతాయి, ఎందుకు?" అని అడిగింది. ఆ 'ఎందుకు'కి ఉపవాసకాలం అంతా భోజనాల గది గుమ్మం దగ్గర నిలబడి తింది. పుస్తకాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. ఆవిడ మాత్రం ఇంకెప్పుడూ ఎందుకు అనలేదు.

వంటగదిలో అగథోనికి అనే పెద్దావిడ ఉంటుంది. నోటి దురుసుకు ఆవిడ పెట్టింది పేరు. నూనె లేని పప్పులో వెనిగర్ పోస్తూ అడిగింది.

"ఏమే, నీ మొహం ఈ పప్పుకన్నా చప్పగా ఉంది. ఏమైంది?"

"ఆ పుస్తకం అక్కా. కోయాలి."

"కోయకూడదా?"

"కోస్తే పోతుంది. మళ్లీ రాదు."

"మరి ఆ ముక్క పెద్దమ్మతో చెప్పి చావరాదూ?"

"దీవెన అనేశాను."

"నీ దీవెన తగలెయ్య! ఉప్పెక్కువైందని నేను రోజూ తిట్లు తింటున్నా. చచ్చానా? ఎదురు చెబుతున్నా. చచ్చానా?"

"నీకేం అక్కా, నువ్వు ఆవిడతో పాటు మఠానికి వచ్చినదానివి."

"అవును, నాకన్నీ నడుస్తాయి. తిను, చల్లారిపోతుంది," అంది అగథోనికి, గరిట కాస్త మెల్లగా పెడుతూ.

ఒకరోజు పొద్దున లేచేసరికి గాలి లేదు. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. మధ్యాహ్నానికల్లా వఫియాస్ సొంత పడవలో పెట్టె పట్టుకుని దిగాడు. పెద్దమ్మ ఆయనకు తొట్టీ తోటా చూపించడానికి వెళ్తూ పెట్టెను పనిగదికి పంపించింది.

అట్టలు బాగున్నాయి. బాగున్నాయనే ఏడుపొచ్చింది. కంసాలి చెక్క అట్టల కొలత తీసుకుని నాలుగు వైపులా వెండి అంచు లేపాడు. పైకి లేచిన ఆ అల్లిక సంగతి పాపం ఆయనకెవరు చెబుతారు? ఇలా పెట్టి చూసింది, అలా పెట్టి చూసింది. ఎలా పెట్టినా అల్లిక అడ్డం. అది ఉంటే వెండి కూర్చోదు.

జ్వరమని పడుకుందామా అనుకుంది. కత్తి పోయిందని చెబుదామా అనుకుంది. కార్యాలయంలోకి వెళ్లి ఏథెన్సులో తన గురువుకు ఫోన్ చేద్దామా అనుకుంది. ఆ ఫోన్ పెద్దమ్మ బల్ల మీదే ఉంటుంది. కిటికీ ఊచల్లోంచి చూస్తే ఎటు చూసినా నీళ్లు. దీవి చుట్టూ నీళ్లు, తన చుట్టూ 'దీవెన' అని తాను ఇచ్చిన మాట. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

ఫొటోలు తీసింది. కుట్టు బొమ్మలు గీసింది, చిల్లుల కొలతలు రాసింది. మంచంలో ఉన్న మనిషి బతికుండగానే శవపేటికకు కొలతలు తీసినట్టు అనిపించింది. తరవాత శిలువ గుర్తు వేసుకుని పై అంచు కోసింది. కింది అంచు కోసింది. నల్ల ఉన్ని దగ్గర ఒక్క క్షణం ఆగి, "నన్ను క్షమించమ్మా" అని అదీ కోసేసింది. చెక్క అట్ట టక్కున బల్ల మీద పడింది. కుట్టు వదులై కట్టలు పక్కకు ఒరిగాయి.

సాయంత్రం ప్రార్థన అయ్యాక పెద్దమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"కోసేశావా?"

"కోశాను పెద్దమ్మా."

పెద్దమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి, ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"ఎంత పని చేశావే పిల్లా. నువ్వు కుదరదంటావని చూస్తున్నాను."

ఎవ్ప్రాక్సియాకు అర్థం కాలేదు.

"ఆ వఫియాస్‌ను నేను కాదనలేను. మనం తాగే నీళ్లు ఆయన కట్టించిన తొట్టివి. పని తెలిసినదానివి నువ్వు. నువ్వు కుదరదంటే, 'మా పిల్ల కుదరదంటోంది నాయనా, నేనేం చేయను' అందామని కూర్చున్నా. ఎన్నిసార్లు వచ్చి ఈ గుమ్మంలో నిలబడ్డాను? పెట్టె చూశాకైనా పరిగెత్తుకొస్తావనుకున్నా. తోటంతా తిప్పుతూ ఆయన్ని అందుకే ఆపాను."

"పరీక్షిస్తున్నారనుకున్నాను," అంది ఎవ్ప్రాక్సియా.

పెద్దమ్మ బల్ల మీదున్న అంచు ముక్కను అరచేతిలోకి తీసుకుంది. ఎరుపు, నీలం, చివర నల్ల ఉన్ని.

"అవునులే. గుమ్మం దగ్గర నిలబెట్టి అన్నం తినిపించింది నేనే కదా." ఆ ముక్కను పుస్తకం అంచుకు ఆనించి చూసింది. "మళ్లీ కుట్టలేవా?"

"కుట్టగలను. కానీ అది నా కుట్టు అవుతుంది. ఆవిడది పోయింది."

కింద పెరట్లో వఫియాస్ పెద్దగా నవ్వుతున్నాడు. పెద్దమ్మ ఆ ముక్కను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచింది. మఠంపెద్ద గొంతు తిరిగి తెచ్చుకుంది.

"ఇకమీదట నేను తప్పు చెబితే తప్పని నా మొహం మీదే చెప్పాలి. ఇది నా ఆజ్ఞ. విన్నావా?"

చెప్పడానికి ఎవ్ప్రాక్సియా దగ్గర చాలా ఉంది. అరల్లో నిలబడి నలిగిపోతున్న పుస్తకాలన్నిటి గురించీ ఉంది. నోరు తెరిచింది. తల దానంతట అదే వంగింది.

"దీవెన, పెద్దమ్మా," అంది.