చెల్లెలి బరువు

పొద్దున్నే చీర నేస్తూ నేస్తూ శైలజ నడుం పట్టుకుంది. కూర్చున్న చెక్క పలక కిర్రుమంది. వంటింట్లో పప్పు ఎనుపుతున్న తల్లి హనుమక్క, "పావని ఎగురుతాండాదేమో, కాసేపు నాడె ఇసిరేది ఆపుమ్మా" అంది.

ధర్మవరంలో ఆ వీధికంతా తెలిసిన సంగతే. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని అక్క కూర్చుంటే, చెల్లెలు పావని గాల్లో ఉన్నంతసేపూ దాని బరువు అక్క మీదికొస్తుంది. పలక విరిగినప్పుడల్లా వడ్రంగి రామాంజి కొత్తది చేసిచ్చేవాడు. ఎందుకు విరిగిందని అడిగేవాడు కాదు.

చిన్నప్పుడు హిందూపురంలో జిమ్నాస్టిక్స్ నేర్పే సునీల్ సార్ ఇద్దరినీ ఎగిరించి చూస్తే, ఎక్కువ ఎత్తు ఎగిరింది శైలజే. కానీ మగ్గం మీద పెళ్లివాళ్ల చీర ఉండింది. "పావనికి అంచు నేసేది రాదు సార్, దాన్ని పిల్చుకపోండి" అంది హనుమక్క. పనిమంతురాలు గుంతలో మిగిలింది, పని రానిది విమానమెక్కింది. అప్పట్నుంచీ శైలజకు కడుపుమంటే. పేపర్లో చెల్లెలి ఫోటో వస్తే, ఆ పేజీలోనే బొరుగులు పొట్లం కట్టి పక్కింటికి పంపేది.

పావనికి ఒకటే లోపం. దిగేటప్పుడు కాళ్లు నిలవవు, అటో ఇటో తూలుతుంది. అక్కడే మార్కులు పోతాయి. ఆ వార్త విన్నరోజు శైలజ ఒక ముద్ద ఎక్కువ తినేది.

ఒలింపిక్స్ ఫైనల్ రోజు టీవీని మగ్గం ఎదురుగా పెట్టారు. వీధి జనమంతా వచ్చారు. "నువ్వు మోయబట్టే గదా అది ఎగిరేది" అంది పక్కింటి యల్లక్క. శైలజకు ఒళ్లు మండింది. పడనీ, లోకమంతా చూస్తుండగా పడనీ అనుకుంది.

పావని పరుగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులు ఆనించి ఎగిరింది. బరువొచ్చి శైలజ భుజాల మీద కూర్చుంది. తెర మీద చెల్లెలు తలకిందులుగా తిరుగుతుండగా, శైలజ పళ్లు బిగించి, గుంతలోంచి కాళ్లు లాగేసి లేచి నిలబడింది.

బరువంతా ఒక్కసారిగా చెల్లెలి దగ్గరికే వెళ్లిపోయింది. టీవీలో పావని దబ్బున దిగింది. పాదాలు మేకులు కొట్టినట్టు నిలిచిపోయాయి. తూలలేదు. ఇల్లంతా కేకలు. శైలజ మాత్రం కూలబడి తలవంచుకుంది.

పతకం మెడలో పడిన కాసేపటికే పావని ఫోన్ చేసింది.

"అక్కా, లేచినావు కదా?"

"ఊ."

"ఎందుకు?"

"నువ్వు పడాలనే" అంది శైలజ.

"దిగేటప్పుడు లేయమని నిన్ను అడగాలని ఎన్నోసార్లు అనుకున్న్యా. ఇన్నేండ్లు మోయించి అడిగేదానికి మొగం చెల్లలా. నేనొస్తాండా అక్కా. ఇంగ గుంతలో నేను కూచ్చుంటా, నువ్వెగురు."

"అంచు చెడగొడతావు."

"చెడగొడతా."

మర్నాడు శైలజ రామాంజి కొట్టుకు వెళ్లింది.

"కొత్త పలక కావాలప్పా. ఈసారి పావని కొలతకు చెయ్యి" అంది. తిరిగి వెళ్లబోతూ ఆగింది. "గట్టి చెక్క పెట్టు. నేను దానికంటే బరువు."