ముందు తలుపు, తరువాత జగ్రూత

మా అత్తగారు నబవియ్యా జగ్రూత తీస్తే కాలవ అవతలి గట్టున మేసే గాడిదలు కూడా తలెత్తి చూస్తాయి. నాలుక గబగబా ఆడిస్తూ గొంతులోంచి సాగదీసే ఆ సంతోషపు కూత మా ఆడవాళ్లందరికీ వచ్చు. పెళ్లయినా, పురుడైనా, పిల్లలు పరీక్ష గట్టెక్కినా తీస్తాం. కానీ ఆవిడది వేరే లెక్క. ఊళ్లో ఏ శుభకార్యమైనా మొదటి జగ్రూత ఆవిడే తీయాలి, ఆ తరువాతే మిగతా గొంతులు లేవాలి.

ఈసారి శుభకార్యం మా ఇంట్లోదే. మా నెస్మా ఆరో తరగతిలో బడి మొత్తానికీ మొదటొచ్చింది. నాకైతే వారం నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. గల్లీలో ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పాను, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాను. నెస్మా మాత్రం వాళ్ల నానమ్మని కూర్చోబెట్టి ఒకే మాట అంది. "నా పేరు పిలిచాక నీ జగ్రూత వినబడాలి. వినబడేదాకా నేను అడుగు కదపను."

ఆ పిల్ల అలా అనడానికి కారణం ఉంది. కిందటేడు బడి పండగలో రెండో బహుమతికి పేరు పిలిచినప్పుడు మా అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ఒంటేలుకి వెళ్లాల్సొచ్చి, సంత దాటి మా పిన్ని ఇంటిదాకా నడిచింది. తిరిగొచ్చేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. స్టేజి మీద నుంచి నెస్మా ఆ ఖాళీ కుర్చీ వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. ఆ రాత్రి నానమ్మా మనవరాలూ ఇద్దరూ రొట్టె ముట్టలేదు.

బళ్లో మరుగుదొడ్లు లేక కాదు. ఉన్నాయి. బడి పండగనాడు జనం పాడుచేస్తారని తాళాలేస్తారు. అందుకని మా ఊరి తల్లులంతా ఆ రోజు పొద్దున్నించి పచ్చి మంచినీళ్లు ముట్టరు. రంజాను కాకపోయినా మాకది ఉపవాసమే. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు, అందరికీ తెలుసు. మగవాళ్లకేం, గోడ చాటున ఎక్కడైనా నిలబడతారు.

మా అత్తగారికి ఈ ఉపవాసం కుదరదు. ఆవిడకి షుగరు, పైగా బీపీకి వాడే మాత్ర నీళ్లన్నీ బయటికి లాగేస్తుంది. ఆ రోజు మాత్ర మానేస్తానంటే నేనే పోట్లాడి మింగించాను. తప్పో ఒప్పో, మింగించాను.

డేరా కింద ముందు వరసలో కూర్చున్నాం. జూన్ ఎండ, తలమీద రంగుల గుడ్డ, డోలు మోగిస్తూ ఆడపిల్లల బ్యాండు. స్టేజి మధ్యలో టాంటా పట్నం నుంచి వచ్చిన ముఖ్య అతిథి, విద్యాధికారిణి సుహైర్ మేడమ్ కూర్చున్నారు. ఆవిడ ముందు పెట్టిన నిమ్మరసం గ్లాసు పెట్టినట్టే ఉంది. రెండో పాట అయ్యేసరికి మా అత్తగారు నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్ ఇన్సాఫ్, నావల్ల కాదే."

"కాసేపు ఓర్చుకోలేవా అత్తయ్యా?"

"ఓర్చుకోవడానికేం, ఓర్చుకుంటాను. జగ్రూత తీయలేను. పొట్ట బిగబట్టుకుని ఎలా తీస్తారు? నువ్వు తీసి చూడు."

నిజమే. అది గొంతులోది అనుకుంటాం గానీ, ఊపిరంతా పొత్తికడుపులోంచే రావాలి. నేను లేచి హెడ్మాస్టరు వగ్దీ గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి పిల్లల దొడ్లకి మోటారు కూడా పాడైంది, నీళ్లు రావన్నారు. మరి టీచర్లది అని అడిగితే ఆయన మొహం వెలిగిపోయింది. కొత్త టైల్సు వేయించారట, అద్దం పెట్టించారట, గులాబీ సబ్బు, పువ్వులు కుట్టిన తువ్వాలు తెప్పించారట. అదంతా సుహైర్ మేడమ్ కోసం. తాళంచెవి కోటు జేబులో ఉంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇళ్లల్లో ముందుగది సంగతీ ఇంతే. బంగారు రంగు కుర్చీల మీద దుప్పట్లు కప్పి, ఎవరో పెద్దమనిషి వస్తాడని తాళమేసి ఉంచుతాం. మా పిల్లలు వాటి మీద కూర్చోకుండానే పెద్దవాళ్లయిపోతారు. మా ఇంట్లోనూ అలాంటి గది ఉంది కాబట్టి ఆయన్ని గట్టిగా తిట్టలేకపోయాను, అయినా ఒళ్లు మండింది.

"మా అత్తయ్య అతిథి కాదా సారూ?"

"అతిథులేంటమ్మా, మీరంతా మన ఇంటివాళ్లు కదా," అన్నారాయన ఎంతో ప్రేమగా.

మేడమ్ గారైనా వాడారా అని అడిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పరాయి ఆడమనిషితో ఆ మాట ఎలా ఎత్తుతానమ్మా? కావాలంటే ఆవిడే అడుగుతారు."

నేను వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా అత్తగారు కర్ర ఊతంతో లేచి నిలబడింది. బ్యాండు పిల్ల దగ్గర డోలు పట్టుకురమ్మంది. ఎందుకని అడిగితే, పెళ్లికూతురి ఊరేగింపుకి అంది. మా ఊళ్లో పెళ్లికూతురు వస్తుంటే మహల్లా పట్నం వెళ్లే బస్సు కూడా ఆగుతుంది, ఎంతటి మగవాడైనా పక్కకి తప్పుకుంటాడు. ఒక్క హెడ్మాస్టరుకి తప్పుకోవడం రాదా?

నేను డోలు మెడకి తగిలించుకుని మొదటి దెబ్బ వేశాను. అంతే, ఒక్కో వరసలోంచీ ఆడవాళ్లు లేచారు. ఎందుకు, ఎక్కడికి అని ఒక్కరూ అడగలేదు. పొద్దున్నించీ గొంతెండబెట్టుకుని వచ్చినవాళ్లకి వేరే చెప్పాలా? చప్పట్లు కొడుతూ, "దారివ్వండి, పెళ్లికూతురొస్తోంది" అని పాడుతూ మా అత్తగారిని మధ్యలో పెట్టుకుని వరండా వైపు కదిలాం. మగవాళ్లు అలవాటుగా కుర్చీలు జరిపి దారిచ్చారు. నా గుండె నేను వాయించే డోలుకన్నా గట్టిగా కొట్టుకుంటోంది, అంత సరదాగా ఉంది నాకు.

వగ్దీ గారు పరుగున వచ్చి తలుపుకి అడ్డంగా చేతులు చాచారు. ఇదేం పెళ్లమ్మా అని అడిగారు, రొప్పుతూ.

"పెళ్లికూతుర్ని గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలా నాయనా?" అంది మా అత్తగారు. "నీ పెళ్లికి మొదటి జగ్రూత తీసింది నేను. దానికి నిన్ను ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. తాళం తియ్యి."

ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

ఆవిడ లోపలికి వెళ్లింది. బయట చాంతాడంత వరస. సబ్బు నిజంగానే గులాబీ వాసనొస్తోందని లోపల్నుంచి కబురు కూడా చెప్పింది. మేం నవ్వుకుంటూ ఉండగానే మైకులో అరబ్బీ టీచరు గొంతు వినబడింది. ఆలస్యమవుతోందని ఆయనే బహుమతులు మొదలుపెట్టేశాడు. ప్రథమ స్థానం, నెస్మా.

నా పైప్రాణాలు పైనే పోయాయి. వరండా చివరికి పరిగెత్తి చూశాను. నెస్మా స్టేజి మెట్ల దగ్గర నిలబడి ఉంది, కదలడం లేదు. మళ్లీ అదే కుర్చీ, మళ్లీ ఖాళీ, మళ్లీ అదే చూపు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు చూశాను, స్టేజి మధ్య కుర్చీ కూడా ఖాళీగా ఉంది.

వెనక్కి తిరిగేసరికి మా వరస చివర సుహైర్ మేడమ్ నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది, చేతిసంచీ పొట్టకి అదుముకున్నారు. "డోలు ఎక్కడికి పోతోందని ఒక పాపని అడిగానమ్మా," అన్నారు మెల్లగా. "తెల్లారగట్ల టాంటాలో బయల్దేరాను. ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, అడగడానికి నాకు సిగ్గేసింది."

వగ్దీ గారు గోడ వైపు తిరిగిపోయారు. మా అత్తగారు అప్పుడే బయటికొచ్చింది. సంగతి విని మేడమ్ చెయ్యి పట్టుకుని, నీ కోసం కట్టించిందేనట తల్లీ, ముందు నువ్వెళ్లు అంది. అందరం పక్కకి జరిగాం. మేడమ్ మాత్రం జరగలేదు.

"మీరు వెళ్లి కూర్చోండి పెద్దమ్మా. నేను రాందే ఆ బహుమతి ఎవరూ ఇవ్వరు. ఈ వరసంతా అయ్యాకే నేను వస్తాను."

అలా మా ఊరి బడి పండగ తల్లుల కోసం ఆగింది. ఎండలో మగవాళ్లు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. మా అత్తగారు కర్ర పొడుస్తూ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. మెట్ల దగ్గరున్న నెస్మా నానమ్మని చూసింది. అప్పుడు దాని మొహం చూడాలి.

చివరికి తన వంతు కూడా అయ్యాక మేడమ్ వచ్చి స్టేజి మీద నిలబడ్డారు. మైకులో పేరు మళ్లీ పిలిచారు. ఎవరి గొంతూ లేవలేదు, మొదటిది ఎవరిదో అందరికీ తెలుసు. మా అత్తగారు గుండెలనిండా గాలి పీల్చి తల పైకెత్తింది. ఆ జగ్రూత ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. డేరా గుడ్డ చిరుగుతుందేమో అనిపించింది. దాని వెనకే మా అందరి గొంతులూ లేచాయి. నెస్మా మెట్లెక్కలేదు, ఎగిరి దూకింది.

చప్పట్లు ఆగకముందే మేడమ్ వెచ్చబడిపోయిన ఆ నిమ్మరసం అందుకుని గడగడా తాగేశారు. మా అత్తగారు అది చూసి వగ్దీ గారిని వేలితో పిలిచింది.

"నాయనా, నాకూ కాసిని నీళ్లిప్పించు. పెద్ద గ్లాసుతో."

ఆ బళ్లో ఒక తల్లి నీళ్లడగడం నేనెప్పుడూ వినలేదు. ఆయన తనే కడవా గ్లాసూ పట్టుకొచ్చారు. ఆవిడకిచ్చి వెళ్లిపోబోతే పక్కావిడ చెయ్యి చాపింది, ఆ పక్కావిడా చాపింది. వరస వరసంతా తాగాం.