ఆరు గొట్టాల దుమ్ము

మా బాపు నా కొంప ముంచాడు. అదీ పట్టపగలు, పదిమంది చూస్తుండగా.

ఆయన పేరు గట్టయ్య. ముప్పై రెండేళ్లు భూగర్భ గనిలో బొగ్గు తవ్వి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని గేటు దగ్గర కాంట్రాక్టు సెక్యూరిటీలో చేరాడు. బయటికి పోయే ప్రతి సంచీ, ప్రతి టిఫిన్ డబ్బా మూత తీసి చూడటమే పని. బొగ్గు పెళ్ల గానీ రాగి తీగ గానీ గేటు దాటకూడదు.

నేను జమునను. హైదరాబాదులో ఉండి పాతకాలపు వానల మీద పరిశోధన చేస్తున్నాను. బాపు కాపలా ఉన్న గనిలోనే బొగ్గు కోసం కోసిన మట్టిగోడ పైభాగంలో నిలువెత్తు పసుపు దుమ్ము పొర బయటపడింది. వానలు మొహం చాటేసిన కాలాల్లో గోదావరి ఇసుక తిన్నెల మీంచి గాలి ఎత్తుకొచ్చి పోసిన దుమ్ము అది. మధ్యమధ్య ఎర్రమట్టి చారలు, వానలు తిరిగొచ్చిన కాలాలవి. ఏది ఎన్ని వేల ఏళ్ల నాటిదో తేలాలంటే, ఆ రేణువులు చివరిసారి ఎండ చూసి ఎంతకాలమైందో కనిపెట్టాలి. అందుకే నల్లదుప్పటి కప్పుకుని, ఇనుప గొట్టాలు గోడలోకి దిగ్గొట్టి, లాగి, రెండు వైపులా మూతలు బిగించి నల్లటేపు చుట్టాను. కాస్త ఎండ తగిలినా ఇక ఆ మట్టి దేనికీ పనికిరాదు. గోడ చెక్కి, చోట్లు ఎంచి, కొలతలు రాసుకోవడంతో కలిపి ఆరు గొట్టాలకు నాలుగు రోజులు పట్టింది. ఆ మధ్యాహ్నం రెండింటికి సెకండ్ షిఫ్టు మొదలవగానే షవెల్ మిషను ఆ గోడను తవ్వేస్తుంది. రామకృష్ణాపూర్ నుంచి కాసిపేట దాకా తిరిగినా అలాంటి గోడ నాకు మరొకటి దొరకలేదు.

ఒంటిగంటకు సంచీ బాపు ముందు బల్ల మీద పెట్టి, రిజిస్టరులో సంతకానికి ఆఫీసు గదిలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆరు గొట్టాలకూ మూతల్లేవు. దుమ్మంతా బల్ల మీద ఎండలో కుప్ప పోసి ఉంది.

"బాపూ! ఏం జేసినవ్?"

"చెకింగు బిడ్డా. అందరియి ఇప్పి జూస్త, నా బిడ్డది ఇడిసిపెడితె రేపు నన్నేమంటరు? ఏం లేదు, ఉత్త దుమ్మే," అని వరుసలో నిలబడ్డవాళ్ల వైపు గర్వంగా చూశాడు.

ఉత్త దుమ్మట! నా ఒళ్లు భగ్గున మండింది.

"నీ నిజాయితీల మన్ను వడ! అది ఇప్పద్దని తెల్వదా?"

"ఎట్ల తెలుస్తది? ఈ గొట్టాలేందని రాత్రి అడిగితె, నీకు సమజ్ గాదు తియ్ బాపూ అన్నవ్."

నిజమే, అన్నాను. నిజం కాబట్టే ఇంకా మండింది.

"ఇప్పుడు ఇను! వానలు ఎప్పుడు పడ్డయో, ఎప్పుడు ఎగవెట్టినయో ఆ దుమ్ముకే ఎరుక. అది చీకట్ల ఉన్నన్ని దినాలే లెక్క. నువ్వు ఎండల వోసినవ్, లెక్కంత సఫా అయింది. రెండు గాంగనే షవెల్ అచ్చి గోడను మింగుతది. నా మూడేండ్ల చదువు బుగ్గిపాలు జేసినవ్!"

బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. 

"ఇంకోటి తియ్యనీకి ఎంతసేపు గావాలె?"

"గంటన్నర. ఒక్కటి దొరికినా నా చదువు నిలుస్తది. అంత టైము నీ తాన ఉన్నదా?"

బాపు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "సదయ్యా, జర గేటు జూడు," అని రెండో గార్డుకు చెప్పాడు.

"కాకా, డ్యూటీ ఇడిసిపోతె నౌకరి ఊడుతది!" అని సదయ్య మొత్తుకున్నాడు. బాపు అప్పటికే ఖాళీ గొట్టమొకటి చంకలో పెట్టుకుని లోపలికి నడుస్తున్నాడు.

నేను వెనకే పరుగెత్తి, గోడ దగ్గర దుప్పటి కప్పుకుని సుత్తి అందుకున్నాను. గొట్టం సగం కూడా దిగకముందే రెండయింది. షవెల్ గర్జిస్తూ దగ్గరకొచ్చింది. గొట్టం చివర అరచేత్తో మూసి, దుప్పటి సందులోంచి చూస్తే, బాపు దాని బకెట్‌కు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"జరుగు కాకా!" అని పైనుంచి షవెల్ ఆపరేటర్ అరిచాడు.

"బకెట్ అందేంత దూరంల మనిషుంటె మిషన్ బంద్ వెట్టాలె. రూల్ తెల్వదా?"

మిషను ఆగింది. పావుగంటకు జీపులో, గేటు డ్యూటీలు కూడా వేసే మట్టి కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ దిగాడు. చేతిలో ఫోను, నోట్లో బూతులు.

"ముసలోడా, నీకు మదమెక్కిందా? గేటు ఇడిసి ఇక్కడేం పనిరా? రేపటి సంది నీకు డ్యూటీ లేదు, పో!"

మా బాపును రా అంటాడా! పళ్లు పటపటలాడాయి. సుత్తి తీసుకుని వాడి మీదికే పోదామనుకున్నాను. కానీ దుప్పటి కదిలితే వెలుతురు లోపలికొస్తుంది.

"బాపూ, నడువు! నౌకరి పాయె!" అని లోపలి నుంచే అరిచాను.

"నువ్వు నోరు మూసుకొని కొట్టు," అన్నాడు నాతో. తర్వాత సూపర్‌వైజర్‌తో మెల్లగా అన్నాడు. "సరే సార్. రేపు రాను. ఇయ్యాల మాత్రం జరుగ."

ఏడుస్తూనే సుత్తి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి గొట్టం మీద కొట్టాను.