బొట్టు పెట్టించుకున్న డిస్కు

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే నల్లపెట్టెను. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, బెజవాడ దుకాణంలో కొన్నాళ్ళు దుమ్ము తిని, చివరికి చీరాలలో చేనేత మాటల నిఘంటువు తయారుచేసే ఆఫీసుకు చేరాను. ఊరూరి నేతగాళ్ళు మెయిల్లో పంపిన మాటలన్నీ అక్కడి సర్వర్లో ఉండేవి. వాటి నకలు దాచడం నా ఉద్యోగం.

ఏ ప్రోగ్రాముతో దాచాలన్నదే పెద్ద తగువు. సర్వర్ చూసుకునే శర్వాణి, "రోజూ మారినవి మాత్రమే రాసుకుని, పాతవి అలాగే ఉంచేది పెడదామండీ" అంది. మేనేజర్ కోదండపాణి గారు ఒప్పుకుంటేగా! "పాతవి ఎందుకమ్మా? సర్వర్లో ఉన్నది ఉన్నట్టు డిస్కులో ఉండాలి, అంతే" అన్నారు. సరే, అలాంటిదే పెట్టారు. గంటకోసారి అక్కడ చేరింది నాలో చేరేది, అక్కడ పోయింది నాలోనూ పోయేది. నన్నెవరడిగారు గనక!

"పోనీ, వారానికోసారి వైరు తీసి పక్కన పెడదామండీ" అని కూడా అడిగింది శర్వాణి.

"పని చేసేదాన్ని ఊడబీకడమేమిటమ్మాయ్?" అన్నారాయన.

దసరా వచ్చింది. పాణి గారు బూజులు దులిపారు, బీరువాలు తుడిచారు, అదే ఊపులో సర్వర్ ముందు కూర్చుని పాతవనిపించిన మెయిళ్ళన్నీ తీసేశారు. నేతగాళ్ళవి కూడా! వెంటనే ఆయుధపూజకని నా వైరు పీకి, కత్తెరకూ స్టేప్లర్‌కూ మధ్య పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టారు. అబద్ధమెందుకు, తెగ మురిసిపోయాను.

సెలవులయ్యాక సంపాదకురాలు ఇందుమతి గారు మెయిల్ తెరిచి కూలబడిపోయారు. "నాలుగేళ్ళ మాటలండీ! పంపిన పెద్దవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. మళ్ళీ ఎవర్ని అడగను?"

పాణి గారు, "డిస్కులో ఉంటాయిగా!" అంటూ నన్ను పీట మీంచి లాక్కుని వైరు దగ్గరికి పరుగెత్తారు.

"అయ్యో, పెట్టకండి!" శర్వాణి కేకకు ఆయన చెయ్యి ఆగిపోయింది. "పెట్టారంటే అక్కడ లేనివన్నీ ఇక్కడా తుడిచేస్తుంది. ఉన్నది ఉన్నట్టు కావాలన్నారుగా!"

శర్వాణి ముందు ఆ ప్రోగ్రామును ఆపేసి, తర్వాత నాలోంచి మెయిళ్ళన్నీ వెనక్కి తీసింది. ఇందుమతి గారు ఏడుస్తూనే నన్ను నిమిరారు. ఆవిడ వేళ్ళకు నా కుంకుమ అంటింది.

ఇప్పుడు శర్వాణి అడిగిన ప్రోగ్రామే నడుస్తోంది. పాణి గారు మాత్రం, "అమ్మవారే కాపాడిందమ్మా" అంటారు. శర్వాణి కాదనలేదు. "అయితే ప్రతి శుక్రవారం డిస్కుకు పూజ చేద్దామండీ" అంది, ఎంతో అమాయకంగా.

అప్పట్నుంచి శుక్రవారం రాగానే ఆయనే స్వయంగా వైరు తీసి, నాకు బొట్టు పెట్టి, బీరువాలో భద్రంగా దాస్తారు. పని చేసేదాన్ని ఊడబీకకూడదన్న మాట ఆయనకు గుర్తే లేదు. నేనూ గుర్తు చేయను.