బల్ల మీది తెల్లగుడ్డ

రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ భయంతో మా అన్న భార్య, హెప్సిబా వదిన, జూలూరుపాడు వైపు ఎవరో మంత్రించి ఇచ్చిన తాయెత్తు నడుముకు కట్టుకుంది. మూడో కడుపు నిలిచింది, భయం మాత్రం రెట్టింపైంది. దేవుణ్ని మోసం చేశానని ఏడ్చి, తాయెత్తు తెంపి వాగులో పారేసి, తానే వెళ్లి పాస్టరు బెంజమిన్ అయ్యగారికి చెప్పుకుంది. సంఘం ఆమెను ప్రభురాత్రి భోజనపు బల్లకు దూరం పెట్టింది. రొట్టె, ద్రాక్షరసం అందరికీ పంచే ఆదివారం ఆమె ఒక్కతే చివరి చాప మీద చేతులు ముడుచుకుని కూర్చోవాలి. తప్పులు దాచుకున్నవాళ్లు ముందు చాపల మీద, చెప్పుకున్న మనిషి వెనక! నాకు ఒళ్లు మండేది.

పోయిన వారం అయ్యగారు టేకులపల్లిలోని మా ఇంటికొచ్చి, ఈ ఆదివారం బల్లకు రమ్మన్నారు. వదిన సంతోషిస్తుందనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. అదంతా మా ప్రమీలారాణి అత్త చలవే.

"యోగ్యత లేకుండ ఆ రసం తాగితే శిక్షే బిడ్డా. కడుపుతోని ఉన్నవ్, జర చూస్కో" అని భయం అంటించి పోయింది.

ఆదివారం పొద్దున వదిన నా చెయ్యి పట్టుకుంది.

"స్తుతీ, రాత్రి సంది లోపల కదుల్తలేదే."

అన్న అప్పటికే షిఫ్టుకు వెళ్లి బొగ్గుగనిలో దిగాడు. పరుగున పోయి ఆటో రాజును పిలుచుకొచ్చాను.

"నడువ్ వదినా, దవాఖానకు పోదాం."

"దార్లనే గదనే మందిరం. ముందుగాల ఆడ దిగుదాం. దేవునికి కోపముంటే డాక్టరేం జేస్తడు?"

మొండి మనిషి. ఎంత బతిమాలినా వినలేదు.

మందిరంలో అయ్యగారు వదిన పేరు పిలవగానే తలలన్నీ వెనక్కి తిరిగాయి. వదిన ముసుగు సర్దుకుని లేచింది. పడిపోతుందేమోనని నేను వెనకే నడిచాను. చిన్న గ్లాసు అందుకుందో లేదో, చెయ్యి వణికి రసమంతా బల్ల మీది తెల్లగుడ్డపై ఒలికిపోయింది.

"ప్రభువా!" అంది అత్త, నేను ముందే చెప్పలేదా అన్నట్టు.

వదిన కడుపు పట్టుకుని అక్కడే కూలబడింది. "నా బిడ్డను తీస్కపోకు, నా బిడ్డను తీస్కపోకు" అంటూ ఏడుస్తోంది. నాకూ ఏడుపు ఆగలేదు.

అయ్యగారు బల్ల దాటి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఆయన కళ్ల నిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. తన గ్లాసు ఆమెకు అందించి, వణికే చేతి కింద తన చెయ్యి ఆనించారు.

"దూరం పెట్టింది మేం బిడ్డా, ఆయన గాదు. మర్లొచ్చిన బిడ్డను జూసి సంబురంతోని పాట పాడే తండ్రి. గుడ్డకు మరకైతే కొడ్తడా? తాగు."

లోపల ఇంకా కదలిక లేదు. వదిన ఆ భయంతోనే తాగింది.

అయ్యగారు కంజీర తీసి పాట ఎత్తుకున్నారు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను వదినను నడిపించుకుంటూ బయటికి తెచ్చాను. గడప దగ్గర ఆమె టక్కున ఆగి, నా చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుంది. లోపల నుంచి ఒక తన్ను. వెంటనే ఇంకొకటి.

"జల్దీ రాండ్రి! దవాఖానకు లేటైతది" అని రాజు ఆటోలోంచి అరిచాడు.

"పోదాం తమ్మీ," అంది వదిన, గడప మీదే కూర్చుంటూ. "గీ పాట అయిపోనీ."