ఎవరికీ చెప్పుకోని దాహం

"మళ్లీ నీళ్లకేనా? చెంబు మెళ్లో కట్టుకో," అన్నాడు పేరయ్య, కల్లంలో కూలీలంతా వింటుండగా. ఆడవాళ్లు నవ్వారు. ఆ మాట పడ్డ ఆయన భార్య కోటిరత్నం కూడా నవ్వింది. అరవై ఆరేళ్లొచ్చాక నవ్వేయడమే తేలిక. ఆ రోజు నుంచి నీళ్లు మానుకుంది. తాగితే ఒంటేలుకి లేవాలి. లేస్తే, చుట్టూ ఆరబోసిన మిరపకాయలూ, వాటికి కాపలా ఉన్న మగవాళ్లూ తప్ప చాటన్నది లేదు. నాలుక పిడచగట్టుకుపోతున్నా పన్నెండు మంది కూలీలకు వండింది, తాలుకాయలు ఏరింది. ఇన్సులిన్ అయిపోయిందని రెండుసార్లు చెప్పింది. "కాయ మిర్చి యార్డుకి తోలేటప్పుడు తెస్తాలే," అన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఏరుతున్న కాయల మీదే ఒరిగిపోయింది. షుగర్ డౌనయిందనుకుని పేరయ్య కూల్‌డ్రింకు పట్టించాడు. ఆమె మాట ముద్దగా అయిపోయింది, మనుషుల్ని గుర్తుపట్టలేదు. కూలికొచ్చిన జయకుమారి ఆటో పిలిచి ఆస్పత్రికి చేర్చింది.

అక్కడ షుగర్ మీటరు అంకె చూపలేదు, 'హై' అని ఊరుకుంది. రక్తపరీక్షలో ఎనిమిది వందల అరవై. సెలైన్ మీద సెలైన్, బొట్టుబొట్టుగా ఇన్సులిన్, గంటకోసారి వేలికి సూది.

మర్నాడు కళ్లు తెరిచింది. ఒంట్లోకి నీళ్లు వెళ్తున్నాయి, గొట్టంలోంచి బయటికి పోతున్నాయి. ఎందుకని ఎవరూ అడగడం లేదు. కాపురానికొచ్చిన నలభై ఏడేళ్లలో సంజాయిషీ చెప్పుకోకుండా పడుకున్నది ఇదే. ఇందుకోసం చావుదాకా వెళ్లాల్సివచ్చిందా అనుకుంది.

పేరయ్య వచ్చాడు. "లేచిందిగా డాక్టరుగారూ, పంపించెయ్యండి. మబ్బేసింది, కాయ కల్లంలోనే ఉంది. కూలోళ్లకి వండే దిక్కు లేదు."

"ఇంకో రెండు రోజులుండాలండీ," అంది డాక్టర్ శ్రీరమ్య. "ఈ వయసులో షుగర్ మెల్లగానే దించాలి. ఇప్పుడు తీసుకెళ్తే మనిషి దక్కదు."

"నా పూచీ. కాయితం ఇవ్వండి, సంతకం పెడతా."

"మీరొండొచ్చుగా బాబాయ్‌గారూ," అంది మంచం పక్కనే ఉన్న జయకుమారి. "గరిటేమన్నా కరుస్తుందా?"

"నోర్ముయ్!"

నర్సు కాగితం తెచ్చి అలవాటుగా ఆయనకే చాపింది. కోటిరత్నం సూదిలేని చెయ్యి ముందుకు పెట్టింది.

"ఇటివ్వమ్మా. రోగం నాది."

తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, దిండు కింద దోపుకుంది. మొగుడి వంక చూసింది. గొంతు పెంచలేదు.

"నేను పోతే ఎటూ మీరే వండుకోవాలి. బతికుండగానే నేర్చుకోండి."